రాజుగారి వీపు మీది మాట

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టగానే "ఏ నదీతీరాన?" అని అడగడం మనవాళ్ళకు అలవాటు. ఈ రాజ్యానికి నదీ లేదు, తీరమూ లేదు. మూడు సూర్యుళ్ళ నడుమ వేలాడే ఒక గోళం అది. పేరు కర్పరమండలం. అక్కడివాళ్ళకు ఆరేసి చేతులు, పీతకున్నట్టు ఒంటికి గట్టి గుల్ల. ఒళ్ళు పెరిగి గుల్ల బిగుతైతే దాన్ని విడిచేస్తారు. కొన్నాళ్ళకు కొత్తది గట్టిపడుతుంది. అందుకే వాళ్ళను గుల్లవాళ్ళనేవారు.

గుల్ల విడిచిన ఒళ్ళు పచ్చిగా ఉంటుంది. గాలి తగిలినా భగ్గుమంటుంది. అందుకని ఎవరైనా గుల్ల విడుస్తుంటే దగ్గరున్నవాళ్ళు చుట్టూ వలయం కట్టి గాలికి అడ్డం నిలబడతారు. పగవాడైనా సరే, పక్కన ఉంటే నిలబడాల్సిందే. అది వాళ్ళ ఆచారం, మంచి ఆచారం.

చెడ్డ ఆచారం ఇంకొకటి ఉంది. రాజుగారి బిరుదులూ శపథాలూ ఆయన వీపు మీది గుల్లపైన ఉలితో చెక్కుతారు. అలా చెక్కిన మాట సత్యమని, దాన్ని శంకించినవాడి తల తీయాలని ముత్తాతల నాటి శాసనం. చెక్కినదాన్ని చెరపడానికి వీల్లేదు. చెరిపితే అబద్ధం చెక్కించుకున్నానని ఒప్పుకున్నట్టు. అబద్ధం చెక్కించుకున్న రాజు గద్దె దిగిపోవాలి.

అప్పటి రాజు ప్రచండకవచుడు. ఆయనకు ఈ శాసనం పంచదార చిలక దొరికినట్టయింది. "ఆజానుబాహుడు" అని చెక్కించుకున్నాడు. ఆయన చేతులు పొట్టివి. దర్జీ ఏం చేస్తాడు పాపం? వీపు మీది మాట ప్రకారం అంగీ కుట్టాడు. రాజుగారు నడిస్తే ఆరు చేతుల గుడ్డా నేల మీద జీరాడుతూ సభ ఊడ్చినట్టుండేది. తరువాత "గానగంధర్వుడు" అని చెక్కించుకున్నాడు. ఆనాటి నుంచి సాయంత్రాలు సభికులకు కడుపునొప్పులు, తలనొప్పులు ఎక్కువయ్యాయి.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. కానీ ఒక ఏడు నాచు పంట పోయింది. నాచుగంజే అక్కడి పేదల తిండి. చుక్కల ఓడలు దిగే రేవు పేటలో జనం ఆకలితో మాడుతుంటే రాజుగారు "కరువుహరుడు" అని చెక్కించుకున్నాడు. మర్నాడే రాజగురువు గంభీరఘోషుడు గంజికేంద్రాలు మూయించాడు. "కరువు లేదని ప్రభువు వీపే చెబుతుంటే గంజి ఎవరికి?" అన్నాడు. అన్నవాడి కడుపు నిండుగానే ఉంది మరి.

ఆ ఏడు రేవు పేటలో గవ్వమ్మ భర్త తన వంతు గంజి కూతురికి పోసి తాను కన్నుమూశాడు.

ఈ కథ గవ్వమ్మదే. నోరున్న మనిషి. మాట విసిరితే రాయి కూడా నవ్వేది. ఆ నోటి పుణ్యాన ఆస్థానంలో విదూషకురాలి కొలువు దొరికింది. మొగుణ్ణి చంపిన కొలువులో నవ్వులు పంచడమేమిటని పేటలో కొందరు మూతి ముడుచుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. కేకలేస్తే తల పోతుంది, కూతురు దిక్కులేనిదవుతుంది. అందుకని కోపాన్ని కొంగున ముడేసుకుని, పిల్లను పెంచింది. కూతురి పేరు పగడ.

గవ్వమ్మకు కొలువులో ఒక చిక్కు వచ్చిపడింది. ఆమె పని రాజును నవ్వించడం. రాజు నవ్వడం మానేశాడు. దానికి కారణం ఆదియంత్రం.

గుల్లవాళ్ళ గోళానికీ, పొగమంచు ఒళ్ళున్న ఆవిరివాళ్ళ మేఘానికీ నడుమ ఎండిపోయిన ఒక ఉపగ్రహం ఉంది. దాని మీద ఇంటెత్తున, గుమ్మడికాయ ఆకారంలో ఒక యంత్రం. ఎప్పుడో అంతరించిపోయిన ఆద్యులు వదిలివెళ్ళారట. అది లోలోపల మోగుతూ ఉంటుంది. ఎందుకు మోగుతుందో, అసలు ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. తెలియనిదానికి దండం పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. అది తమ మొదటి తాత విడిచిన గుల్ల అని గుల్లవాళ్ళు అన్నారు. కాదు, తమ మొదటి అవ్వ ఊపిరి పోసుకున్న కుండ అని ఆవిరివాళ్ళు అన్నారు. తాతకూ అవ్వకూ పడక మనవలు తలలు పగలగొట్టుకున్నారు. తరాల తరబడి చుక్కల ఓడలు మండి రాలిపోయాయి.

ప్రచండకవచుడు గద్దెనెక్కగానే తొడగొట్టి, "ఆదియంత్రం నాదయ్యేదాకా ఈ గుల్ల విడవను" అని వీపు మీద చెక్కించుకున్నాడు.

యంత్రం రాలేదు. ఒళ్ళు మాత్రం పెరిగింది. గుల్ల పెరగదు కదా! వైద్యులు కషాయాలు పోసి గుల్ల ఊడే ఒలుపు రాకుండా ఆపుతూ వచ్చారు. రాజు వంగలేడు. పడుకోలేడు, గోడకు చేరబడి కునుకు తీస్తాడు. గంజి కూడా గొట్టంతో పీలుస్తాడు. ఊపిరి సగమే అందుతుంది. సగం ఊపిరితో కోపపడడం కుదురుతుంది గానీ నవ్వడం కుదరదు. ఆ ఇరుకంతా చిరాకై కొలువు మీద పడేది.

ఒకరోజు రాజు నిండు సభలో చెయ్యెత్తాడు. అంగీ చెయ్యి పక్కనున్న మంత్రి మొహం మీద పడింది.

"మూడు సూర్యుళ్ళూ కలిసే పండగనాడు దండయాత్ర," అన్నాడు రొప్పుతూ. "ముందు వరుస ఓడలు తిన్నగా మేఘంలో దూరి పేలిపోతాయి. ఆ మంటకు మేఘం చీలుతుంది. వెనక వరుస వెళ్ళి యంత్రాన్ని పట్టుకుంటుంది."

"ముందు వరుసలో ఎవరు ప్రభూ?" అని అడిగాడు మంత్రి, మొహం మీది గుడ్డ తొలగించుకుంటూ.

"పచ్చిగుల్లవాళ్ళు. ఈమధ్యనే గుల్ల విడిచిన పడుచువాళ్ళు. తేలిగ్గా ఉంటారు, ఓడలు వేగంగా పోతాయి."

పగడ ఈమధ్యనే గుల్ల విడిచింది. ఓడ నడపడం నేర్చింది. ముందు వరుసలో మొదటి ఓడ ఆమెదే.

గవ్వమ్మ లేచి నిలబడింది. "ప్రభూ, ఇది మానుకోండి," అంది. నవ్వులాట లేని గొంతుతో ఆమె మాట్లాడగా సభ వినడం అదే మొదలు.

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "మానుకోవాలా? నా వీపు మీద ఏముందో తెలుసునా నీకు?"

"తెలుసు ప్రభూ. మీకంటే మాకే బాగా తెలుసు. మీకది కనపడదు."

అది నిజమే. రాజుగారు తన వీపు తాను చూసుకోలేడు. రోజూ పొద్దున్నే గంభీరఘోషుడు వెనక నిలబడి బిరుదులన్నీ సుప్రభాతంలా చదివి వినిపిస్తాడు. సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుకు ఇంకా మండింది.

"చాలా మాటకారివి గదా! అయితే విను. నా శపథం తప్పకూడదు, నా మాట అబద్ధం కాకూడదు, నా పరువు వీసమెత్తు తగ్గకూడదు. అలా యుద్ధం ఆపే ఉపాయం పండగనాడు దండు బయల్దేరే శంఖం ఊదేలోగా చెప్పు. చెప్పలేకపోతే నీ కూతురి పక్కన అదే ఓడలో నువ్వూ కూర్చో!"

"చెప్పగలిగితే?"

"అడిగింది ఇస్తాను. చెప్పగలిగితేగా!"

గంభీరఘోషుడు గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "శాస్త్రాలన్నీ గాలించిన నాకే అలాంటి దారి కనపడలేదు. గవ్వమ్మకు కనిపిస్తుందిట!"

గవ్వమ్మ దండం పెట్టి బయటికి నడిచింది. మనసు గట్టిపడింది. ఈ వీపు తన మొగుణ్ణి మింగింది. కూతుర్ని మింగనివ్వకూడదు. అంతే, ఇక వేరే ఆలోచన లేదు.

ఓడరేవుకు వెళ్ళేసరికి పగడ ఓడ పక్కన కూర్చుని ఉంది. కొత్త గుల్ల ఇంకా లేత ఎరుపులో మెరుస్తోంది. గవ్వమ్మ నూనె గిన్నె తీసి వెనక కూర్చుంది. కొత్త గుల్ల బీటలు వారకుండా తల్లులు నూనె రాస్తారు.

"రాజుగారి కాళ్ళు పట్టుకున్నావా అమ్మా?" అంది పగడ తల తిప్పకుండా.

"లేదు."

"పట్టుకోకు. నన్నొక్కదాన్ని తప్పించి నా పక్కవాళ్ళను పంపిస్తే ఆ బతుకు నాకొద్దు."

"నిన్నొక్కదాన్నే ఎందుకు తప్పిస్తానే? అందర్నీ దింపుతాను."

"ఎలా?"

"ఇంకా తెలీదు. కదలకు, చెయ్యి జారుతోంది."

చెయ్యి జారడం నూనె వల్ల కాదని పగడకు తెలిసింది. "అమ్మా, నాకు భయంగా ఉంది," అంది.

"నాకూ ఉంది తల్లీ," అంది గవ్వమ్మ. "ఉండనీ. భయం దారిన భయం ఉంటుంది, మన దారిన మనం పోదాం."

అక్కణ్ణుంచి ఆమె కోట వంటశాల పెరటికి వెళ్ళింది. అక్కడ ఒక పెద్ద కూజా ఉంది. కూజాలో తెమ్మెర ఉంది. ఆవిరివాళ్ళ ఒళ్ళంతా పొగమంచే గనక, పరాయి చోటికి వెళ్ళినప్పుడు చెదిరిపోకుండా కూజాలో కూర్చుని వెళ్తారు. తెమ్మెర సంధి మాట్లాడడానికి వచ్చిన రాయబారి. ప్రచండకవచుడు ఆమె కూజాకు మూత బిగించి, పప్పుల కుండల వరుసలో పెట్టించాడు. రాయబారికి జరిగిన మర్యాద అదీ!

గవ్వమ్మ మూత వదులు చేసింది. లోపలి నుంచి చల్లని ఊపిరి వచ్చింది.

"బతికించావు వదినా," అంది తెమ్మెర. ఈ పెరట్లోనే ఇద్దరికీ వరస కలిసింది. "మీ వంటవాడు రోజూ నన్ను చింతపులుసు జాడీ అనుకుని గరిటె పెడుతున్నాడు."

మరో రోజైతే గవ్వమ్మ పగలబడి నవ్వేది. "ఒక్కమాట అడుగుతాను, సూటిగా చెప్పు. మీకు రాత ఉందా?"

"రాతంటే? ఆ రాళ్ళ మీద గీసుకునే గీతలేగా? మాకెందుకవి? మా ఒంటి మీద గీస్తే నిలుస్తుందా? మాకు అన్నమాట ఊపిరి ఉన్నంతసేపు. చేసిన పనే నిలిచేది."

"అయితే మీ గురించి ఇక్కడెవడో ఏదో రాసుకుంటే?"

"రాసుకోనీ! ఓడలు వేసుకుని మా మీదికి రాకపోతే చాలు. మా వాళ్ళూ మొన్నటి యుద్ధంలో చాలామంది ఆరిపోయారు వదినా. మా అన్న ఆరిపోయాడు. ఆ గుమ్మడికాయ కోసం చావడానికి ఇంక మాలో ఎవరికీ ఓపిక లేదు."

గవ్వమ్మకు కరువు ఏడు గుర్తుకొచ్చింది. గంజికేంద్రం తలుపుకు తాళం వేస్తూ గంభీరఘోషుడు అన్న మాట గుర్తుకొచ్చింది. ముల్లును ముల్లుతోనే తీయాలి. ఆమె కూజా మూత పూర్తిగా తీసి పక్కన పడేసింది.

"పద తెమ్మెరా. రేపు నువ్వూ సభలో ఉండాలి. నేను చెప్పినప్పుడు నవ్వితే చాలు."

"నవ్వు రాకపోతే?"

"మా రాజుగారి అంగీ చూస్తూ ఉండు. అదే వస్తుంది."

మర్నాడు సభలో గవ్వమ్మ కూజాను చంకనెత్తుకుని ప్రవేశించింది. సభంతా గుసగుసలాడింది.

"ఉపాయం దొరికిందా?" అన్నాడు రాజు వెటకారంగా.

"లేదు ప్రభూ. రాత్రంతా ఆలోచించి నా తప్పు తెలుసుకున్నాను. తమ విజయం తథ్యం. దాన్ని ఆపమనడానికి నేనెవర్ని? క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

రాజు ఛాతీ పొంగబోయింది. గుల్ల అడ్డొచ్చి ఆగింది.

"ఒకే ఒక సందేహం ప్రభూ. యంత్రం గెలిచాక ఏ బిరుదు చెక్కించుకుంటారు?"

"ఆదియంత్రవిజేత," అన్నాడు రాజు వెంటనే. ఆ బిరుదు ఆయన ఎన్నాళ్ళ నుంచో మనసులో దాచుకున్నాడు.

"ఆహా! ఎంత నిండుగా ఉంది! ఎడమ భుజం కింద దానికి సరిపడా చోటు కూడా ఉంది. ఇంతకీ ఇంకా చెక్కించుకోలేదేం ప్రభూ?"

"గెలవకుండానే ఎలా చెక్కిస్తాం?" అన్నాడు మంత్రి.

గవ్వమ్మ కూజాను మెల్లగా తట్టింది. లోపలి నుంచి నవ్వు వినిపించింది. సన్నగా మొదలై, బుసబుసమని పొంగి, మూతి దగ్గర పొగలు కక్కింది.

"ఎందుకా నవ్వు?" అని గర్జించాడు రాజు.

"ఏం లేదు మహారాజా," అంది తెమ్మెర. "గెలిచాక చెక్కించుకుంటారట. అంటే గెలుస్తామో లేదోనని ఇంకా అనుమానమేనన్నమాట. మా రాణిగారికి ఈ కబురు చెబితే సంతోషిస్తుంది."

రాజు మొహం కందగడ్డ అయింది. "అనుమానమా? నాకా? ఉలి తెప్పించండి! ఇప్పుడే చెక్కండి!"

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళంటారు. ఆ గోళంలో ఈ సామెత లేకపోవడం గవ్వమ్మ అదృష్టం.

గంభీరఘోషుడికి మాత్రం ఎక్కడో మెలిక తగిలింది. ఎంతైనా చదువుకున్నవాడు. "ప్రభూ, తొందరెందుకు? బిరుదు విజయం తరువాత చెక్కడమే సంప్రదాయం..." అంటూ నసిగాడు.

గవ్వమ్మ అమాయకంగా అతని వైపు తిరిగింది. "గురువుగారూ, ప్రభువు గెలుస్తారో లేదోనని తమకేమైనా సందేహమా?"

గురువుకు గొంతులో వెలక్కాయ పడింది. రాజు మెల్లగా మొత్తం ఒళ్ళంతా తిప్పి అతని వైపు చూశాడు. మెడ ఒక్కటే తిప్పే వీలు లేదు కదా.

"సందేహమా! నాకా! శివశివా!" అన్నాడు గంభీరఘోషుడు. "చెక్కించండి ప్రభూ. అక్షరాలు లోతుగా చెక్కమనండి."

శిల్పి వచ్చాడు. ఉలి మోగింది. సభంతా జయజయధ్వానాలు చేసింది. గవ్వమ్మ అందరికంటే గట్టిగా చేసింది. కూజాలో తెమ్మెర ఏం జరుగుతోందో పూర్తిగా అర్థంకాక ఊరుకుంది.

పండగనాడు మూడు సూర్యుళ్ళూ ఒక్కచోట చేరాయి. రేవులో ఓడలు బారులు తీరాయి. రాజు ఎత్తైన వేదిక మీద నిలబడ్డాడు. కూర్చోవడం ఆయనకు ఎలాగూ కుదరదు. ముందు వరుసలో పడుచువాళ్ళు తమ ఓడల పక్కన నిలబడి తల్లుల వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నారు. గవ్వమ్మ కూజాను వేదిక అంచున దింపి, పగడ వైపు ఒక్కసారి చూసింది.

సేనాధిపతి వచ్చి మోకరిల్లాడు. "ప్రభూ, సెలవివ్వండి."

"ఎక్కడికి నాయనా?" అని అడిగింది గవ్వమ్మ అడ్డం వచ్చి.

"ఎక్కడికేమిటి? ఆదియంత్రాన్ని గెలవడానికి."

"అయ్యో అయ్యో!" అని గవ్వమ్మ ఆరు చేతులతో నెత్తి కొట్టుకుంది. "రాజద్రోహం! పట్టుకోండి వీణ్ణి! నిండు సేనలో ప్రభువు వీపును అబద్ధమంటున్నాడు!"

సేనాధిపతి బిత్తరపోయాడు. శంఖం ఊదబోయినవాడి చెయ్యి గాలిలోనే ఆగింది.

"గురువుగారూ," అంది గవ్వమ్మ, "ప్రభువు ఎడమ భుజం కింద ఏముందో అందరికీ వినిపించేలా చదవండి."

గంభీరఘోషుడు వెనక్కి వెళ్ళాడు. చూశాడు. అప్పుడు మొత్తం అర్థమైంది అతనికి. చదవకపోతే తప్పు, చదివితే ముప్పు. "ఆది... ఆదియంత్రవిజేత," అన్నాడు నీళ్ళు నములుతూ.

"విజేత అంటే గెలిచినవాడు. గెలిచేశారు! ఇక ఇప్పుడు గెలవడానికి వెళ్తాననేవాడు, ఇంకా గెలవలేదని అంటున్నట్టు. అలాంటివాడికి శాసనం ఏం చెబుతోంది గురువుగారూ? కరువు ఏడు మా పేటలో తమరు చదివి వినిపించారు. తమకు మరపు ఉండదు."

గురువు పెదవులు తడుపుకున్నాడు. "తల... తల తీయమంటోంది."

సేనాధిపతి తన తల తాను తడుముకుని, కత్తి కింద పెట్టేశాడు. "నేను గెలవడానికి వెళ్తానన్నానా? ఊరికే ఓడలు తుడిపిద్దామని వచ్చాను ప్రభూ!" అన్నాడు. అతని వెనక దళపతులంతా ఒక్కొక్కరే కత్తులు కింద పెట్టారు.

రాజు రగిలిపోయాడు. "గవ్వా! నన్ను మోసం చేశావు!"

గవ్వమ్మ తల వంచలేదు. "మోసం కాదు ప్రభూ, నమ్మకం. మీ వీపును మీ రాజ్యంలో నాకంటే నమ్మినవాళ్ళెవరూ లేరు. కరువు లేదని మీ వీపు చెబితే నమ్మి, నా ఇంటాయన గంజి లేక పోయాడు. ఆనాడు సత్యమైన మాట ఈనాడు ఎందుకు కాదు? కాదంటారా, ఉలి తెప్పించి చెరిపించండి. ఇక్కడే, అందరి ముందూ."

చెరిపిస్తే గద్దె దిగాలి. ఓడలు పంపితే తన వీపు అబద్ధమని తానే చాటినట్టు. రాజు అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. ఏ వైపు చూసినా తన మాటే అడ్డం.

"మరి ఆవిరివాళ్ళు?" అన్నాడు చివరికి. "వాళ్ళు ఒప్పుకుంటారా, యంత్రం నాదంటే?"

కూజాలోంచి తెమ్మెర పలికింది. "మహారాజా, మీ వీపు మీద మీరేం రాసుకుంటే మాకేమిటి? కావాలంటే మూడు సూర్యుళ్ళూ మీవేనని రాసుకోండి. ఓడలు రావద్దు, అంతే. దండం పెట్టుకోవడానికి ఎవరొచ్చినా మేం అడ్డుపడం. మీ తాతకు మీరు పెట్టుకోండి, మా అవ్వకు మేం పెట్టుకుంటాం."

గవ్వమ్మ ఒకడుగు దగ్గరికి వేసింది. ఈసారి గొంతు తగ్గించింది.

"ప్రభూ, మీ వీపు మీద ఇంకో మాట ఉంది. యంత్రం నాదయ్యేదాకా ఈ గుల్ల విడవను అని. అయిపోయిందిగా! ఇంకా ఎందుకు ఆ ఇరుకులో?"

రాజు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కలలో కూడా అడగడానికి భయపడే సంగతి ఎవరో తమంతట తామే ఇస్తామంటే ఎలా చూస్తామో అలా ఉంది.

"గురువుగారూ," అన్నాడు మెల్లగా, "నిజంగానా? శాస్త్రం ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది ప్రభూ," అన్నాడు గంభీరఘోషుడు. జీవితంలో మొదటిసారి ఆ శాస్త్రం వల్ల ఒకరికి సుఖం కలగడం చూస్తున్నాడు అతను.

"అంటే నేను పడుకోవచ్చా? వంగి నా కాళ్ళు నేను చూసుకోవచ్చా?"

"గోక్కోవచ్చు కూడా ప్రభూ," అంది గవ్వమ్మ.

రాజు నోరు తెరిచాడు. "నేను... గెలవకముందే... నా వీపు మీద నేనే..." అని ఆగాడు. భుజాలు కదిలాయి. లోపల ఎక్కడో ఏళ్ళ తరబడి చోటు లేక నక్కి ఉన్న నవ్వు కుదుపుతూ పైకి వచ్చింది. గుల్ల పట్టుకుంది. నవ్వు ఆగలేదు. ఫట్‌మని మెడ దగ్గర చీలింది. వీపు మీద "ఆజానుబాహుడు", "గానగంధర్వుడు" ఊగిపోయాయి. రాజు ఇంకా నవ్వాడు. ఛాతీ వైపు గుల్ల నిలువునా విచ్చుకుంది.

లోపలి నుంచి బయటపడ్డది, లేత రంగు ఒంటితో వణుకుతున్న ఒక మామూలు గుల్లవాడు. గాలి తగిలి చురుక్కుమంది, కెవ్వుమన్నాడు.

"వలయం!" అని అరిచింది గవ్వమ్మ.

ఆచారం ఆచారమే. ఎవరు దగ్గరుంటే వాళ్ళే. వేదికకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ముందు వరుస. పడుచువాళ్ళు పరుగెత్తుకొచ్చి రాజు చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. గాలి వీచే వైపు పగడ నిలబడింది. తన లేత గుల్లకు గాలి చల్లగా తగులుతున్నా కదల్లేదు.

రాజు ఆ పిల్ల వీపు చూశాడు. నూనె రాసిన, ఇంకా ఒక్క అక్షరమూ చెక్కని లేత వీపు. ఆయన నవ్వు కాసేపు ఆగింది.

"వీళ్ళనేనా నేను పంపబోయింది?" అన్నాడు.

జవాబు ఆయనకే తెలిసిన సంగతేగా.

"ఓడలు లోపలికి లాగించండి," అన్నాడు రాజు. "అందరూ ఇళ్ళకు పొండి. రాయబారిని కూజా మూత లేకుండా, మర్యాదగా, కబురు ఇచ్చి పంపండి." ఆ పైన గవ్వమ్మ వైపు తిరిగి, మళ్ళీ నవ్వు పొంగుతుంటే పచ్చి పొట్ట పట్టుకున్నాడు. "నా శపథం తప్పలేదు, నా మాట అబద్ధం కాలేదు. పరువు సంగతి తరువాత చూసుకుందాం. అడుగు గవ్వా, ఏం కావాలో అడుగు."

రేవు రేవంతా చెవులు రిక్కించింది. మంత్రి పదవి అడుగుతుందనుకున్నారు కొందరు. గురువు తల అడుగుతుందని గురువు అనుకున్నాడు.

"మీరు విడిచిన ఆ గుల్ల ఇప్పించండి ప్రభూ."

"గుల్లా? దాన్నేం చేసుకుంటావు?"

"వీపు భాగం లోతుగా, గట్టిగా ఉంది. తిరగేసి పొయ్యి మీద పెడితే మా పేట మొత్తానికి గంజి కాగుతుంది. దానికి రోజూ నాచు మీ కొట్లోంచి పంపించాలి. కాచి పోసే పని గురువుగారు చూసుకుంటారు."

రాజు నవ్వి నవ్వి వలయంలోనే కూలబడ్డాడు. కూర్చోగలుగుతున్నానని తెలిసి ఇంకా నవ్వాడు. గుల్ల ఇచ్చాడు, నాచు ఇచ్చాడు, గురువును ఇచ్చాడు. గవ్వమ్మకు వేరే ఒక హారం కూడా వేశాడు. ఆమె దాన్ని అమ్మి ఇంకో రెండు పొయ్యిలు కట్టించింది.

ఆదియంత్రం ఇప్పటికీ అక్కడే మోగుతోంది. ఏం చేస్తుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఒక పక్క గుల్లవాళ్ళూ, మరో పక్క కూజాలూ వరసగా కూర్చుని దానికి దండాలు పెడుతుంటారు.

రేవు పేటలో మాత్రం పొద్దున్నే పొయ్యి వెలుగుతుంది. గంభీరఘోషుడు చెమటలు కక్కుతూ గరిటె తిప్పుతాడు. పగడ ఓడ దిగి వచ్చి, గిన్నె పట్టుకుని అందరితో పాటు వరుసలో నిలబడుతుంది. గంజి కాగే ఆ పెద్ద గుల్ల అడుగున, మసి పట్టినా లోతుగా చెక్కిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. కరువుహరుడు అని ఉంటుంది. ఆ వీపు మీద చెక్కిన మాటల్లో నిజమైనది అదొక్కటే. అదీ రాజుగారు దాన్ని విడిచాకే.